ఒగరు ఎరిగిన నాలుక

ఎర్ర వైన్‌లో నాకు ముందు కావాల్సింది ఒగరు. గుటక దిగాక చిగుళ్ళు బిగియాలి, నాలుక మీద గరుకు తేలాలి, ఆ తర్వాత పండు వాసన నింపాదిగా పైకి రావాలి. మెత్తగా, తియ్యగా జారిపోయే వైన్ నాకు రెండో గుటకకే వెగటు పుట్టిస్తుంది.

తిరుపతిలో ఈ మాట పైకి అంటే ఎదుటివాళ్ళు రెండు విధాలుగా చూస్తారు. కొండ కింద కూర్చుని ఇవేం కబుర్లని కొందరు. రిటైరయ్యాక ఫారిన్ సోకు పట్టుకుందని ఇంకొందరు. మొదటివాళ్ళ మాటలో న్యాయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. రెండో మాట మాత్రం నేను ఒప్పుకోను. నేను పుట్టింది గుడిపాల దగ్గర. పనిచేసింది రాణిపేట తోళ్ళ కర్మాగారాల్లో, కెమిస్టుగా. చెట్టు బెరడులో, కాయలో, గింజలో ఒగరునిచ్చే టానిన్‌తోనే నా జీతం నడిచింది. ద్రాక్ష తొక్కలోనూ ఆ జాతి సరుకే ఉందని తెలిశాక దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాను, అంతే.

మా తమ్ముడి కొడుకు బెంగళూరులో ఉంటాడు. వైన్ రుచి చూడటం ఈ మధ్యే మొదలుపెట్టాడు. "పెదనాయనా, మంచివేవో నాలుగు పేర్లు రాసియ్యి" అని అడిగాడు. పేర్లు తక్కువే రాశాను. రుచి ఎలా పట్టుకోవాలో ఎక్కువ రాశాను. వాడికోసం రాసినవే ఇవి, అడిగిన మరికొందరికి కూడా పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

1. సీసా కొనే ముందు పండ్ల గంప దగ్గర ఆగు

ఆరు రుచుల్లో ఒగరుకు చోటిచ్చిన తిండి మనది. ఉగాది పచ్చడిలో దాని వంతు మామిడి పిందె మోస్తుంది. అందువల్ల నాయనా, నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. ఎరిగినదాన్ని గుర్తుపట్టడమే పని.

ఎండలు తగ్గి మొదటి వానలు పడే రోజుల్లో నేరేడు పండ్లు గంపల్లో వస్తాయి, ఉప్పు చల్లి ఇస్తారు. ఒకటి నోట్లో వేసుకుని నమిలి, వెంటనే మింగకుండా ఆపు. ముందు తీపి తగులుతుంది. దాని మీదే పులుపు. ఆ రెండూ పోతుండగా బుగ్గలు లోపలికి లాగేసుకుంటాయి. నాలుక ఊదా రంగుకు తిరుగుతుంది, పై పళ్ళ వెనక తడి ఆరిపోయినట్టవుతుంది. ఎర్ర వైన్‌లోనూ జరిగే వరస ఇదే. ఎర్ర ద్రాక్షల్లో చాలావాటిని పిండితే రసం దాదాపు రంగు లేకుండానే వస్తుంది. తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడితేనే రంగూ ఒగరూ రసంలోకి దిగుతాయి. తొక్క తీసేసి పులియబెట్టింది వైట్ వైన్, అందుకే అందులో టానిన్ చాలా తక్కువ.

నేరేడు అయ్యాక ఉసిరి, అడవి అంచుల్లో దొరికే కలేకాయ, అరటి పువ్వు వేపుడు, తాంబూలంలో వక్క. ఒక్కోదాని ఒగరు ఒక్కో తీరు. ఉసిరి తర్వాత నీళ్ళు తియ్యగా ఉంటాయి. వక్క చాలాసేపు పట్టి ఉంచుతుంది. రాగుల ఎర్ర తొక్కలోనూ టానిన్ ఉంది, సంగటి తిని పెరిగినవాడికి దాని పరిచయం పసితనం నుంచీ ఉన్నదే. ఈ తేడాలు పట్టుకోగలిగితే కాబర్నే ద్రాక్షకి, షిరాజ్‌కి ఉన్న తేడా నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2. టానిన్ తగిలేది చర్మానికి

నా వృత్తి నాకు నేర్పిన పాఠం ఇది, అందుకే కొంచెం నిలబడి చెబుతాను.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా మాది ఉత్తర ఆర్కాటు జిల్లా. దాని కేంద్రం చిత్తూరే. రాణిపేట, ఆంబూరు లాంటి తోళ్ళ ఊళ్ళు కూడా అప్పట్లో ఆ జిల్లాలోవే. దక్షిణాదిలో తోలు ఊనడానికి పాతకాలం నుంచీ వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. మా మెట్ట భూముల్లో తంగేడు ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. దాని బెరడు ఒలిచి, ఎండబెట్టి, కట్టలు కట్టి తోళ్ళ ఊళ్ళకు తోలేవాళ్ళు. తర్వాత ఆఫ్రికా నుంచి వాటిల్ బెరడు వచ్చింది, ఆ తర్వాత క్రోమ్ లవణాలు వచ్చాయి. క్రోమ్ వేగంగా పని ముగిస్తుంది. పాలారు నీళ్ళకు, దాని ఒడ్డు బావులకు అది చేసిన చెరుపు నా కళ్ళారా చూశాను. ఆ బాధ వేరే వ్యాసానికి సరిపోతుంది.

పచ్చి తోలును వదిలేస్తే కుళ్ళుతుంది. తంగేడు చెక్క ఊరిన నీళ్ళలో వారాల తరబడి నానితే టానిన్ లోపలికి వెళ్ళి కొల్లాజెన్ పోగులను పట్టుకుంటుంది. ఇక అది కుళ్ళదు. చెప్పవుతుంది, పట్టెడవుతుంది, తరాలు మన్నుతుంది. కొల్లాజెన్‌లో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. టానిన్ అణువులు ప్రోలీన్ ఎక్కడ దండిగా ఉంటే అక్కడ అతుక్కుంటాయి. మన లాలాజలంలోనూ ప్రోలీన్ మెండుగా ఉన్న ప్రోటీన్లు ఉన్నాయి. నోటిని జారుడుగా ఉంచడంలో వాటి పాలు పెద్దది. వైన్ నోట్లోకి రాగానే టానిన్ వాటిని పట్టి ముద్ద చేస్తుంది, జారుడు పోతుంది, నాలుకకూ బుగ్గకూ మధ్య రాపిడి మొదలవుతుంది. ఒగరంటే ఆ రాపిడే.

ల్యాబ్‌లో బెరడు కషాయంలో టానిన్ ఉందో లేదో చూడటానికి ఉప్పు కలిపిన జెలటిన్ నీళ్ళు వాడేవాళ్ళం. గాజు గొట్టంలో చుక్క పడగానే తేట నీళ్ళు మసకబారి, పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా కిందికి దిగుతాయి. ఎన్ని చూసినా నాకు ఆ క్షణం విసుగు రాలేదు. ప్రతి గుటకకూ నీ నోట్లో జరిగేది ఆ పరీక్షే.

ఇక పద్ధతి. చిన్న గుటక తీసుకుని నోరంతా తిప్పు. మింగాక పై పెదవికీ చిగుళ్ళకూ మధ్య నాలుక పోనివ్వు. నోరు ఊరితే అది పులుపు పని. ఎండి గరుకైతే టానిన్. గరుకు ఎక్కడుందో, ఎంతసేపుందో, సన్నటి పిండిలా ఉందా ఇసుకలా ఉందా చూడు. నేను పెట్టే మార్కులన్నీ దీనికే. పన్నెండు రకాల పూల పేర్లు చెప్పే వైన్ కంటే, సన్నటి గరుకు నిమిషం సేపు నిలిపే వైన్ నాకు గొప్పది.

3. శ్రీకాళహస్తి వెళ్ళి కరక్కాయ, పాలు కలిసిన బట్ట చూడు

టానిన్‌కు పాలతో ఏం పని అని అడిగేవాళ్ళకు నేను చెప్పే చిరునామా ఇది. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసే పని. అక్కడి చిత్రకారుల్లో జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ మొదలవక ముందే అసలు రసాయనం మొదలవుతుంది. గంజి పోయేదాకా ఉతికిన ముతక నూలు బట్టను, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచుతారు. పిండి ఎండలో ఆరేస్తే బట్టకు లేత పసుపు ఛాయ, కమ్మటి పాల వాసన, చేతికి కొంచెం బిరుసు వస్తాయి. కరక్కాయలోని టానిన్ నూలుకు పట్టుకుని ఉంటుంది. పాలలోని కొవ్వు, ప్రోటీన్ వల్ల రంగు అదుపు తప్పి పక్కకు పాకదు.

తర్వాత కసిమి. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీరు అది. వెదురు పుల్లకు చుట్టిన ఉన్ని గుడ్డను చిత్రకారుడు వేళ్ళతో మెల్లగా నొక్కుతుంటే కసిమి మొనకు దిగుతుంది. గీత పడేటప్పుడు అది పలచని మట్టి రంగు. చూస్తుండగానే నల్లబడుతుంది. టానిన్, ఇనుము కలిశాయి. ఆ నలుపు స్వర్ణముఖి నదిలో ఉతికినా పోదు.

ఈ రెండు సంగతులూ వైన్‌కు నేరుగా వర్తిస్తాయి. ఇనుము తగిలితే వైన్ నల్లబడి మసకబారుతుంది, అందుకే వైనరీల్లో మామూలు ఇనుప పాత్ర పెట్టరు. ఒగరు మరీ కరుకుగా ఉంటే ఫ్రాన్సులోని బోర్డోలో పీపాలోకి గుడ్డు తెల్లసొన గిలకొట్టి పోస్తారు. తెల్లసొన ప్రోటీన్ టానిన్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైన తేరుకున్న వైన్ వేరు చేస్తారు. ఇది అక్కడ తరాల నాటి పద్ధతి.

శ్రీకాళహస్తి దాకా వెళ్ళలేని రోజు టీతో చూడు. టీ ఆకు పది నిమిషాలు మరగబెట్టి, చక్కెర లేకుండా ఒక గుటక తాగు. అందులోనే రెండు చెంచాల పాలు పోసి మళ్ళీ తాగు. ఒగరు ఎక్కడికి పోయిందో నీకే తెలుస్తుంది.

4. పచ్చి ఒగరు వేరు, పండిన ఒగరు వేరు

ఒగరు ఇష్టమంటే నోరు కట్టేసేదంతా ఇష్టమని కాదు. పచ్చి సపోటా కొరికినవాడికి నేను చెప్పేది అర్థమవుతుంది. ద్రాక్షలో తీపి ఒక వేగంతో, తొక్కా గింజా ఇంకో వేగంతో పండుతాయి. వేడి ఎక్కువైన చోట తీపి ముందుకు దూకుతుంది, గింజ ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది. తీపి లెక్క మాత్రమే చూసి కోస్తే వైన్‌లో ఆకు నమిలిన కరుకు మిగులుతుంది. అందుకే ఎరిగినవాళ్ళు కోతకు ముందు గింజ కొరికి చూస్తారు. గోధుమ రంగుకు తిరిగి పటుక్కున విరిగితే పండినట్టు.

ఐరోపాలో ద్రాక్ష ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోస్తారు. దక్కనులో వానలు వెనకబట్టాక కొమ్మలు కత్తిరిస్తారు, చలికాలంలో పండుతుంది, జనవరి నుంచి ఎండలు ముదిరే లోపు కోస్తారు. రాత్రి చల్లబడే చోటే దీనికి తగింది. నంది కొండల దగ్గర గ్రోవర్ తోటలు ఉన్నది సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో. వాళ్ళ 'లా రిజర్వ్' కాబర్నే సావిన్యాన్, షిరాజ్ కలిపి ఓక్ పీపాల్లో నిలవ చేసిన వైన్. బోర్డో నిపుణుడు మిషెల్ రొలాన్ సలహాతో రూపుకట్టింది. పలమనేరు, ముళబాగిలు మీదుగా వెళ్తే మనకు అది పొరుగూరే.

నేను మరీ మురిసిపోయేది హంపి కొండల వైన్ చూసి. హైదరాబాదులో గ్రాన్యూల్స్ మందుల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కొప్పళ జిల్లాలో కృష్మా ఎస్టేట్స్ పెట్టారు. ఆ ఎర్ర రాతి నేలలో కాబర్నే సావిన్యాన్, సాంజోవేసే, షిరాజ్ పండిస్తున్నారు. విజయనగర రాజులు తర్వాత మా చంద్రగిరికి తరలి వచ్చారు కదా, వాళ్ళ మొదటి రాజధాని పక్కన తెలుగువాళ్ళు నాటిన ద్రాక్ష తీగ నిలబడటం నాకు గర్వం. వాళ్ళ కాబర్నే తాగినప్పుడు ఒగరు చిగుళ్ళను పట్టింది కానీ గీరలేదు. మా వాడికి రాసిచ్చిన పేర్లలో మొదటిది అదే.

5. తీపితో మొదలుపెట్టినా ఫరవాలేదు

రాణిపేటలో మా తోటి ఉద్యోగి ఇంట్లో క్రిస్మస్‌కు నల్ల ద్రాక్ష, చక్కెర, లవంగాలతో జాడీలో చేసిన వైన్ పెట్టేవాళ్ళు. నేను మొదట తాగింది అది. జామ్‌లా తియ్యగా ఉండేది, ఆప్యాయంగా ఇచ్చేవాళ్ళు, ఇష్టంగా తాగాను. 'వైన్స్' బోర్డు ఉన్న మన షాపుల్లో చూసినా, బ్రాందీ విస్కీల మధ్య మూలన ఒకటో రెండో తియ్యటి పోర్ట్ సీసాలే కనిపిస్తాయి. తీపి నచ్చేవాళ్ళను తక్కువగా చూడొద్దు.

6. ఖాళీ కడుపుతో ఒగరు తాగకు

టానిన్‌కు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పళ్ళెంలో ప్రోటీన్ లేకపోతే అది నీ లాలాజలం మీదే పడుతుంది. మాంసం, పెరుగు, చెనిక్కాయలు ఉంటే దాని పట్టు సర్దుకుంటుంది. ఉప్పు ఒగరును మెత్తబరుస్తుంది. తిండిలో పులుపు ఉంటే వైన్ పులుపు తగ్గి పండు తేలుతుంది. తీపి తిన్నాక తాగితే మాత్రం అదే వైన్ చేదుగా, ఎండుగా మారిపోతుంది. బొబ్బట్టు తిని కాబర్నే తాగినవాడు కాబర్నేని తిడతాడు.

మన తిండిలో అసలు చిక్కు మిరపకాయ. మంటకు ఆల్కహాల్ ఆజ్యం పోస్తుంది, రాపిడి తోడవుతుంది, చివరికి కూర రుచీ వైన్ రుచీ రెండూ పోతాయి. కారం దోశ, నాటుకోడి పులుసు ఉన్న పూట నేను సీసా తెరవను. వాటికి మజ్జిగ ఉంది. కారం తగ్గించడానికి మా ఇంట్లో మిరియం పట్టుకున్నాం. పొట్టేలు మాంసం ఉప్పు, పసుపు, అల్లంతో ఉడకబెట్టి, చివర్లో నెయ్యిలో దంచిన మిరియాలతో వేయిస్తే షిరాజ్‌కు అంతకు మించిన తోడు లేదు. దీనికి కారణం కూడా ఉంది. షిరాజ్‌లో కనిపించే మిరియపు వాసన రొటుండోన్ అనే పదార్థానిదని 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధకులు తేల్చారు. నల్ల మిరియాల్లో ఉన్నదీ అదే.

మాంసం తిననివాళ్ళకు నా మాట: ఉప్పు నీళ్ళు చల్లి ఇసుకలో వేయించిన చెనిక్కాయలు. నూనె, ప్రోటీన్, ఉప్పు మూడూ ఒక్క గింజలో ఉన్నాయి. మన జిల్లా పంట, పది రూపాయల పొట్లం. చీజ్ కోసం బెంగళూరు పరిగెత్తక్కర్లేదు. చింతపండు తగుమాత్రంగా వేసిన చెనిక్కాయల ఊరిబిండి, మిరప తగ్గిస్తే, సంగటితో పాటు సాంజోవేసేకు బాగా కుదిరింది.

7. తిరుపతి ఎండ సీసాకు పడదు

రెడ్ వైన్ గది వేడిలో తాగాలని ఎక్కడో చదివి మేలో ముప్పై అయిదు డిగ్రీల గదిలోంచి తీసి పోసేవాళ్ళను చూశాను. ఆ మాట పుట్టిన గదులు ఐరోపా రాతి గదులు. 16 నుంచి 18 డిగ్రీలు ఉంటే ఒగరు, పండు, ఆల్కహాల్ ఎవరి చోట వాళ్ళు కూర్చుంటారు. వేడెక్కితే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. మరీ చల్లబరిస్తే ఒగరు కరుకెక్కుతుంది, వాసన మూసుకుపోతుంది. మన దగ్గర పోయడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది, డిసెంబరులో పది నిమిషాలు చాలు. బెంగళూరు నుంచి కారులో తెస్తే డిక్కీలో వేసి మధ్యాహ్నం ముళబాగిలు దగ్గర భోజనానికి దిగిపోవద్దు. ఆ వేడికి పండు వాసన ఉడికిపోతుంది, తిరిగి రాదు.

8. చోటు, మోతాదు

తిరుమల మీద మద్యం, మాంసం, పొగాకు నిషేధం. అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది. నిషేధం లేకపోయినా నేను పాటించేవాణ్ణి. దర్శనానికి వెళ్ళే వారం ఇంట్లో కూడా ముట్టను. ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళు వద్దంటే ఆ గడప దగ్గరే ఆపేస్తాను. రుచి మీద ప్రేమకు ఇతరుల మనసు నొప్పించే హక్కు లేదు.

మద్యం చేసిన చెరుపు మన ఆడవాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఊరి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ రోజుల్లో మా బంధువుల ఇళ్ళలో నిషేధం అన్నం తిరిగి తెచ్చింది. నేను దాన్ని మరవను. గ్లాసు చేతిలో ఉన్నవాడు ఆ చరిత్ర తెలుసుకుని ఉండాలి.

గుండెకు మంచిదని తాగేవాళ్ళకు కూడా ఒక మాట. ఫ్రెంచివాళ్ళ గుండెల కథ 1990లలో బాగా తిరిగింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత తక్కువ ఆల్కహాల్ అయినా క్షేమమని చెప్పలేమంది. వైన్‌లో 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. నాకు భోజనంతో ఒక చిన్న గ్లాసు, అదీ ఎప్పుడో ఒకసారి. తాగనివాణ్ణి నేను ఎప్పుడూ తాగమనలేదు. మా తమ్ముడి కొడుక్కి కూడా, వాడు మొదలుపెట్టాక అడిగాడు కాబట్టి చెబుతున్నాను.

9. తోలు ఊనేవాళ్ళ పక్కన కూర్చుని తాగు

ఇటలీలో పీసాకూ ఫ్లారెన్సుకూ మధ్య సాంతా క్రోచే అనే ఊరుంది. బెరడు కషాయంతో తోలు ఊనే పని అక్కడ ఇంకా బతికే ఉంది. చెస్ట్‌నట్ చెక్క, దక్షిణ అమెరికా కెబ్రాచో, మిమోసా వాడతారు. మా కంపెనీ పని మీద వెళ్ళాను. షెడ్డులోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలిన వాసన రాణిపేటలో తోలు నానేసే మా పాత గుంతలదే. తడి బెరడు, తోలు, కొంచెం పులుపు. భాష రాదు, అయినా ఆ ముసలి మేస్త్రీ నేనూ ఒక తోలు అంచు కోసి, రంగు లోపలి దాకా దిగిందా అని వేలితో రుద్ది చూసుకున్నాం. పనిలో మా ఇద్దరికీ తగువు రాలేదు.

మధ్యాహ్నం భోజనంలో ఆయన తమ ప్రాంతపు సాంజోవేసే పోశాడు. గుటక వేయగానే పొద్దున షెడ్డులో పీల్చిన వాసన నోట్లోకి వచ్చింది. ఉప్పు లేని రొట్టె, ఆలివ్ నూనెలో ఉడికించిన బీన్సు, కాల్చిన మాంసం. ఆయన తన చిగుళ్ళు వేలితో చూపించి, పిడికిలి బిగించి నవ్వాడు. నేనూ అలాగే చూపించాను. వైన్ మీద నా ఇష్టం గట్టిపడింది ఆ బల్ల దగ్గర.

అప్పటి నుంచి ఒగరు ఎక్కువున్న ద్రాక్షలన్నీ వెతుక్కున్నాను. ఇటలీ ఉత్తరాన నెబ్బియోలో రంగుకు పలచన, చూసి తేలికనుకుంటావు, నోట్లో పడితే ఊపిరాడనివ్వదు. ఊంబ్రియాలో సాగ్రాంతినో. నైరుతి ఫ్రాన్సులో మాదిరాన్ ఊరి తన్నా, అదే తర్వాత ఉరుగ్వే వెళ్ళి అక్కడి సొంత పంటలా స్థిరపడింది. తన్నా నాకు ప్రాణం. మా వాడికి పీనో నువార్ నచ్చింది, అందులో ఒగరు అంతంత మాత్రం. "నీకు నచ్చదు కదా పెదనాయనా" అన్నాడు. నచ్చకపోయినా గ్లాసు అందుకుని, వాడికి అందులో ఏం దొరికిందో అడిగాను. తడి మట్టి వాసన అన్నాడు. మళ్ళీ ముక్కు పెట్టి చూస్తే నిజమే, ఉంది.

10. ఒకే వైన్ రెండు సీసాలు కొను

టానిన్ సీసాలో ఊరికే కూర్చోదు. అణువులు ఒకదానితో ఒకటి, రంగు అణువులతో కలిసి పెద్దవవుతాయి, కొన్ని బరువెక్కి అడుక్కి దిగుతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఎరుపు ఇటుక ఛాయకు తిరుగుతుంది, గరుకు సన్నబడుతుంది. నెబ్బియోలోతో చేసే బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, నిలవ ఉంచాకే అమ్మాలని ఇటలీలో చట్టం. అయితే అన్ని వైన్‌లూ పాతబడితే బాగుపడవు. పండు బలం, పులుపు, ఒగరు మూడూ దండిగా ఉన్నవే ఆగుతాయి. వెయ్యి రూపాయల లోపు మన సీసాలు చాలావరకు రెండు మూడేళ్ళలో తాగేయాల్సినవే.

పాత సీసా తెరిచే ముందు రోజు నిలబెట్టి ఉంచు. మెల్లగా వంచి పోసి, మెడ దగ్గరికి మడ్డి రాగానే ఆపెయ్యి. నేను ఆ మడ్డిని వేళ్ళ మధ్య రుద్ది చూస్తాను. నల్లటి ఊదా రంగు, సన్నటి ఇసుక గరుకు, ఉతికినా గోటి సందులో మర్నాటి దాకా ఉంటుంది. తోళ్ళ కర్మాగారంలో పాత గుంత అడుగున చేయి పెట్టినవాళ్ళకు ఆ స్పర్శ తెలుసు.

అందుకే నాయనా, చేతిలో డబ్బున్నప్పుడు నాలుగు రకాలు కొనే బదులు గట్టి ఒగరున్న ఒక్క రకమే రెండు సీసాలు కొను. ఒకటి ఇప్పుడు తెరిచి, గరుకు ఎక్కడ తగిలిందో, ఎంతసేపు నిలిచిందో తారీకు వేసి రాసుకో. రెండోది చల్లటి చీకటి చోట పడుకోబెట్టి అయిదేళ్ళ తర్వాత తెరువు. పాత కాగితం తీయకుండా కొత్తది రాయి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఎక్కడ తేడా వచ్చిందో నాకు ఫోన్ చేసి చదివి వినిపించు.